కొండ ఊరికి నిప్పు కాపలా ఎవరిది?

పట్నంలో ఇల్లంటుకుంటే 101కి ఫోన్ చేసి ఫైరింజన్ కోసం ఎదురుచూస్తారు. కొండ మీది ఊరికి ఆ ఎదురుచూపు పనికిరాదు. ఘాట్ రోడ్డు మలుపులన్నీ తిరిగి, వాగులు దాటి బండి వచ్చేసరికి ఆర్పడానికి ఏమీ మిగలదు. చాలా ఊళ్లకు అసలు బండి వెళ్లే దారే ఉండదు. అందుకే ఆల్ప్స్ నుంచి హిమాలయాల దాకా కొండసీమల్లో నిప్పు మీదికి మొదట పరుగెత్తేది ఆ ఊరి మనుషులే. రైతు, బడిపంతులు, మేకలు కాసే కుర్రాడు, గడ్డికోతకు అడవికి వెళ్లిన ఇల్లాలు.

ఊరివాళ్లే ఊరిని కాపాడుకునే ఈ ఏర్పాటు కొన్ని దేశాల్లో వందేళ్లకు పైగా నిలబడింది. కొన్నిచోట్ల ఒక్క పూటలో కూలిపోయింది. మన దేశంలో ఇంకా సరిగా మొదలే కాలేదు. ఈ అనుభవాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. ధైర్యానికి ఏ కొండ ఊళ్లోనూ కొదవ లేదు. ఆ ధైర్యం వెనక పనిముట్లు, శిక్షణ, బీమా, హక్కు ఉన్నాయా లేదా అన్నదాన్ని బట్టే ఊళ్లు నిలుస్తున్నాయి, కాలుతున్నాయి.

వాలు మీద నిప్పు

చదును నేల మీది మంటకూ కొండవాలు మీది మంటకూ చాలా తేడా ఉంది. వాలు మీద మంట పైకి పాకేటప్పుడు దాని వేడి ముందున్న గడ్డినీ పొదలనీ ముందే ఎండబెట్టేస్తుంది. ఆస్ట్రేలియా అగ్నిమాపక సిబ్బంది పాటించే లెక్క ప్రకారం వాలు ప్రతి పది డిగ్రీలు పెరిగేకొద్దీ పైకెక్కే మంట వేగం రెట్టింపవుతుంది. అంటే ఇరవై డిగ్రీల వాలు మీద అది నాలుగింతల వేగంతో వస్తుంది. పగలు ఎండకు లోయగాలి పైకి వీస్తుంది, పొద్దువాలాక చల్లబడి కిందికి దిగుతుంది. మధ్యాహ్నం శిఖరం వైపు పోయిన మంట రాత్రికి ఊరివైపు తిరగడానికి ఈ గాలి మార్పు ఒక కారణం. ఇరుకు లోయలు పొగగొట్టాల్లా పనిచేసి మంటను ఒక్కసారిగా పైకి లాగుతాయి.

నీటి సంగతి మరో చిక్కు. మంటలు వచ్చే వేసవిలోనే ఊటలు ఎండిపోతాయి. అందువల్ల కొండల్లో అడవి మంటను నీళ్లతో ఆర్పడం అరుదు. పచ్చికొమ్మలతో కొడతారు, ఆకులు ఊడ్చి నేల బయటపడేలా గీత తీస్తారు, గాలి అనుకూలిస్తే ఎదురు మంట పెడతారు. ఇవి అనుభవం మీద పట్టుబడే పనులు. ఎక్కడ నిలబడాలో తెలియని మనిషి వంద లీటర్ల నీళ్లున్నా ప్రమాదంలోనే ఉంటాడు. ఇక్కడే స్థానికుల విలువ తెలుస్తుంది. ఏ గట్టు వెనక రాతినేల ఉందో, ఏ కాలిబాట ఎక్కడ తేలుతుందో చెప్పగలిగేది వాళ్లే.

నిలబడిన మూడు పద్ధతులు

ఆస్ట్రియాలో వియన్నా, గ్రాజ్, లింజ్, సాల్జ్‌బర్గ్, ఇన్స్‌బ్రుక్, క్లాగెన్‌ఫుర్ట్ నగరాలకు మాత్రమే జీతభత్యాల అగ్నిమాపక దళాలున్నాయి. మిగిలిన దేశమంతా, ఆల్ప్స్ కొండల్లోని మారుమూల పల్లెలతో సహా, సుమారు నాలుగున్నర వేల స్వచ్ఛంద దళాల మీదే ఆధారపడి ఉంది. వాటిలో మూడు లక్షలకు పైగా సభ్యులున్నారు. మంటతో పాటు వరద, కొండచరియ, హిమపాతం, రోడ్డు ప్రమాదం అన్నిటికీ వెళ్లేది ఆ దళమే. పిల్లలకు యువజన విభాగాలుంటాయి. శిక్షణకు ప్రాంతీయ పాఠశాలలున్నాయి. దళం నడపడం స్థానిక పాలనకు చట్టం అప్పగించిన బాధ్యత. పని ఊరివాళ్లది, వసతి కల్పించే పూచీ ప్రభుత్వానిది.

జపాన్‌లో ఊరూరా ఉండే 'షోబోదాన్' అనే అగ్నిమాపక దళాల సభ్యులు ఇతర ఉద్యోగాలు చేసుకుంటూనే ప్రత్యేక తరగతి ప్రభుత్వోద్యోగులుగా లెక్కకు వస్తారు. చిన్న భత్యం ముడుతుంది, గాయపడితే పరిహారం అందుతుంది. కొండల నడుమ ఉన్న షిరకవా-గోలోని ఒగిమాచి పల్లె చూడదగ్గ ఉదాహరణ. 1995లో ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందిన ఈ పల్లెలో చాలా ఇళ్లకు మందపాటి గడ్డి కప్పులే. ఒక్క రవ్వ పడితే పల్లెంతా పోతుంది. అందుకని పైనున్న నీటి తొట్టి నుంచి గొట్టాలు వేసి ఊరంతా 59 చోట్ల నీటి ఫిరంగులు అమర్చారు. కొండవాలే నీటికి ఒత్తిడినిస్తుంది, కరెంటు పోయినా పనిచేస్తుంది. ఏటా ఒకసారి అన్నిటినీ ఒకేసారి తిప్పి చూస్తారు. నిప్పు జాగ్రత్తలు గుర్తుచేస్తూ ఊరివాళ్లు వంతులవారీగా రోజూ వీధుల్లో తిరుగుతారు. ఖరీదైన ఏర్పాటు ఒక ఎత్తయితే, రోజూ తిరిగే ఆ వంతు మరో ఎత్తు. ఊరికి ధీమా ఇస్తున్నది ఆ రెండూ కలిసే.

అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1736లో ఫిలడెల్ఫియాలో యూనియన్ ఫైర్ కంపెనీని స్థాపించిన నాటి నుంచీ స్వచ్ఛంద దళాలది పెద్ద పాత్ర. 2020లో కూడా ఆ దేశపు అగ్నిమాపక సిబ్బందిలో దాదాపు 65 శాతం మంది స్వచ్ఛందంగా పనిచేసేవారే. చిన్న ఊళ్లలోనైతే దాదాపు అందరూ వాళ్లే. రాకీ పర్వతాల్లోని ఊళ్లు ఆస్తిపన్నులో కొంత భాగాన్ని అగ్నిరక్షణ జిల్లా పేరుతో పక్కనపెట్టి బండ్లూ గొట్టాలూ కొనుక్కుంటాయి.

ఈ పద్ధతులన్నిటికీ ఇప్పుడు ఒకే జబ్బు పట్టుకుంది. పల్లెల్లో పడుచువాళ్లు తగ్గిపోతున్నారు. జపాన్‌లో 1950ల్లో 20 లక్షలుండే సభ్యులు 2022లో 8 లక్షల లోపుకు పడిపోయారు. అమెరికాలో 1984లో దాదాపు 9 లక్షలున్నవారు 2020కి 6.77 లక్షలకు దిగారు. అందులోనూ యాభై దాటినవారి వాటా పెరుగుతోంది. అక్కడి దళాలకు వచ్చే పిలుపులు మాత్రం ఈ కాలంలో బాగా పెరిగాయి. సేవాభావం ఎంత ఉన్నా ఊళ్లో మనిషే లేకపోతే ఫలితం లేదు. వలసపోతున్న ప్రతి కొండసీమా ఈ హెచ్చరికను చెవినపెట్టాలి.

ఇంటిని కాల్చేది రవ్వ

అడవి మంట అనగానే ఆకాశమంత లేచిన జ్వాల గోడ కళ్లముందు కదులుతుంది. ఇళ్లను ఎక్కువగా కాల్చేది అది కాదు. కొలరాడో రాష్ట్రంలో బౌల్డర్ పట్నం పైనున్న ఫోర్‌మైల్ లోయలో 2010 సెప్టెంబర్ 6న మొదలైన మంటకు 168 ఇళ్లు పోయాయి. ఇళ్లు పోగొట్టుకున్నవారిలో ఆ సమయంలో ఇతరుల ఇళ్లను కాపాడుతున్న స్వచ్ఛంద దళ సభ్యులూ ఉన్నారు. ఆ తర్వాత అమెరికా అటవీ సర్వీసు పరిశోధకులు ఒక్కో ఇంటి కథా తరచి చూశారు. కాలిన ఇళ్లలో 83 శాతం చెట్లకొనల మీద దూకే పెద్ద మంటకు అంటుకోలేదు. నేలమీద పాకిన చిన్న మంటకో, ఎగిరివచ్చిన రవ్వకో అంటుకున్నాయి.

అదే సర్వీసులో పనిచేసిన శాస్త్రవేత్త జాక్ కోహెన్ జీవితమంతా ఈ సంగతే చెబుతూ వచ్చాడు. కెనడా ఉత్తరాన చేసిన ప్రయోగాల్లో నిజమైన అడవి మంటల ఎదుట చెక్క గోడలు నిలబెట్టి చూశారు. పది మీటర్ల దూరంలో గోడలు కొన్నిసార్లు అంటుకున్నాయి. ఇరవై, ముప్పై మీటర్ల దూరంలో అంటుకోలేదు. ఇంటి గతిని తేల్చేది ఇంటి చుట్టూ ఉన్న ముప్పై మీటర్లేనని దీని సారం. చూరు కింద పేరుకున్న ఎండుటాకులు, గోడకానించి పేర్చిన కట్టెలు, అరుగు కింద పారేసిన గోనెసంచులు రవ్వ కోసం కాచుకుని ఉంటాయి. 2002లో మొదలైన ఫైర్‌వైజ్ కార్యక్రమం దీనిమీదే నిలబడింది. పొరుగువాళ్లంతా కలిసి ఏటా ఇళ్ల చుట్టూ శుభ్రం చేసుకుంటేనే గుర్తింపు ఇస్తారు. నా ఇల్లొక్కటీ శుభ్రంగా ఉంచుకుంటే చాలదు, పక్కింటి పూరికప్పు నా ఇంటిమీదికి రవ్వలు విసురుతుంది.

మంట రాకముందు, చీపురుతోనూ కొడవలితోనూ చేసే ఈ పనికి ఫైరింజన్ అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. గొట్టం పట్టలేని ముసలమ్మ కూడా చేయగలదు. స్వచ్ఛంద అగ్నిరక్షణలో సగానికి సగం ఇదే. పొగడ్తలు మాత్రం గొట్టం పట్టినవాడికే వస్తాయి.

ఎప్పుడు నిలవాలి, ఎప్పుడు వెళ్లిపోవాలి

ఆస్ట్రేలియాలో చాలాకాలం ఒక సూత్రం నడిచింది. సిద్ధపడి ఇంట్లోనే ఉండి కాపాడుకో, లేదా ముందుగానే వెళ్లిపో. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియా రాష్ట్రంలో కింగ్‌లేక్, మేరీస్‌విల్ వంటి కొండ ఊళ్లను మంటలు చుట్టేసి 173 మందిని బలిగొన్నాయి. వారిలో 113 మంది ఇళ్లలోనే చనిపోయారు. దర్యాప్తు చేసిన రాయల్ కమిషన్ తర్వాత ఆలోచన మారింది. మామూలు ప్రమాద స్థాయిలన్నిటికీ పైన మరో స్థాయి చేర్చి, అలాంటి రోజు ఎంత సిద్ధపడ్డ ఇంట్లోనూ ఉండొద్దని చెప్పడం మొదలుపెట్టారు. ఆఖరి ఆశ్రయంగా ఊళ్లో ఫలానా మైదానం, ఫలానా భవనం అని ముందే గుర్తించే పద్ధతి వచ్చింది.

కాలిఫోర్నియా కొండల్లోని ప్యారడైజ్ పట్నం 2018 నవంబర్ 8న కాలిపోయింది. కరెంటు లైను నుంచి పుట్టిన మంట గాలికి కొన్ని గంటల్లోనే ఊరిని చుట్టేసింది. 85 మంది చనిపోయారు, 18 వేలకు పైగా కట్టడాలు నేలమట్టమయ్యాయి. నిజానికి అది సిద్ధంగా లేని ఊరేమీ కాదు. ఊరిని మండలాలుగా విభజించి ఖాళీ చేయించే పథకం ఉంది, ప్రధాన రహదారిని ఒకవైపే నడిపే అభ్యాసమూ చేశారు. వంతులవారీగా ఖాళీ చేయించాలనుకున్న పథకానికి మంట వ్యవధి ఇవ్వలేదు. చాలామందికి హెచ్చరికే అందలేదు. చనిపోయినవారిలో ఎక్కువమంది వృద్ధులు. కార్లలో ఇరుక్కుపోయినవారిని చెట్లు లేని పార్కింగ్ స్థలాల్లోకీ చదును నేలల్లోకీ మళ్లించి వెయ్యిమందికి పైగా ప్రాణాలు దక్కించారు. దారి మూసుకుపోతే ఎక్కడ నిలబడాలన్నది పథకంలో ముందే రాసి ఉండాలని ప్యారడైజ్ చెప్పింది.

సాయపడేవాడి ప్రాణం గురించి జపాన్ నేర్చుకున్న పాఠం ఇంకా కఠినమైనది. 2011 సునామీలో 254 మంది షోబోదాన్ సభ్యులు పోయారు. వారిలో చాలామంది సముద్రపు నీటిని ఆపే తీరపు గేట్లు మూస్తూ, ముసలివాళ్లను మోస్తూ, హెచ్చరికలు చేస్తూ కొట్టుకుపోయారు. అది సముద్రపు విపత్తే అయినా కొండకూ వర్తిస్తుంది. ఇంత సమయం దాటితే పని వదిలి వెనక్కి రావాలన్న నియమం ఆ తర్వాత బలపడింది. వెనక్కి రమ్మని చెప్పే అధికారం ఒకరి చేతిలో లేని బృందాన్ని మంటమీదికి పంపకూడదు.

హిమాలయం చెప్పే సంగతి: హక్కు

ఇప్పుడు మన దేశానికి వద్దాం. ఉత్తరాఖండ్‌లో ఫిబ్రవరి 15 నుంచి జూన్ 15 దాకా మంటల కాలం. చిర్ పైన్ చెట్ల నుంచి రాలే సూదుల్లాంటి ఆకులు, స్థానికులు 'పిరూల్' అనేవి, నేలను చాపలా కప్పేస్తాయి. జిగురున్న ఆ ఆకులు నూనెలో తడిపిన వత్తుల్లా మండుతాయి. 2016లో నాలుగు వేల హెక్టార్లకు పైగా కాలి, వాయుసేన హెలికాప్టర్లు దిగవలసి వచ్చింది. 2024లో మళ్లీ అదే దృశ్యం. వానదేవుడి మీదా మేఘమథనం మీదా భారం వేసి కూర్చుంటే కుదరదని సుప్రీంకోర్టు ఆ మే నెలలో మందలించింది. అటవీ సిబ్బంది ఖాళీలనూ, మంటల కాలంలో ఎన్నికల పనికి పంపడాన్నీ ప్రశ్నించింది. జూన్ 13న అల్మోరా జిల్లా బిన్సర్ అభయారణ్యంలో మంట ఆర్పడానికి వెళ్లిన నలుగురు అక్కడే చనిపోయారు. వారిలో దినకూలీ ఉన్నాడు, సీజన్ కోసం పెట్టుకున్న ఫైర్ వాచర్ ఉన్నాడు. అతి తక్కువ భద్రత ఉన్నవాళ్లనే అతి దగ్గరగా మంటకు పంపుతున్నామని ఆ చావులు చెబుతున్నాయి.

ఉత్తరాఖండ్‌లోని కుమావూ కొండలకు మంటతో ఉన్న చరిత్ర ఇంకా లోతైనది. బ్రిటిష్ ప్రభుత్వం 1911 తర్వాత అడవులను రిజర్వు చేసి మేతకూ కట్టెకూ అడ్డుపడినప్పుడు, 1916లోనూ 1921లోనూ పైన్ అడవులు పెద్దఎత్తున కాలాయి. ఊరికి పనికొచ్చే ఆకు చెట్ల అడవుల్ని వదిలి, ప్రభుత్వానికి ఆదాయమిచ్చే పైన్‌కే నిప్పు పెట్టారని చరిత్రకారుడు రామచంద్ర గుహ రాశారు. ఆ అలజడి ఫలితంగానే 1931లో వన పంచాయతీలకు నియమాలు వచ్చాయి. ఊరి అడవిని ఊరే ఏలుకునే ఆ పంచాయతీలు నేటికీ పదకొండు వేలకు పైగా ఉన్నాయి, అధికారాలు మాత్రం కాలక్రమంలో కుంచించుకుపోయాయి. తనది కాని అడవి కోసం ఎవరూ మంటలోకి దూకరు.

తనదనుకుంటే ఏం జరుగుతుందో అల్మోరా జిల్లాలోనే శీత్లాఖేత్ చూపిస్తోంది. అక్కడి మహిళలు అడవి ఉంటేనే ఊటల్లో నీళ్లుంటాయని గ్రహించి, మంట కనబడగానే గుంపుగా వెళ్లి ఆర్పుతారు. పొలంగట్ల చెత్తను ఎండలు ముదిరాక కాల్చితే నిప్పు అడవిలోకి పోతుందని, ఆ పనంతా మార్చి నెలాఖరులోగా ముగించాలని కట్టుబాటు పెట్టుకున్నారు. ఏటా ఏప్రిల్ 1ని ఆ కట్టుబాటును గుర్తుచేసుకునే దినంగా జరుపుకుంటారు. నాగళ్ల కోసం చెట్లు కొట్టడం తగ్గాలని ఇనుప నాగలికి మారారు. ప్రభుత్వం ఇప్పుడు ఈ పద్ధతిని మిగతా చోట్లకు చూపిస్తోంది. పిరూల్ ఏరి తెచ్చినవారికి కిలోకు 3 రూపాయలిచ్చేదాన్ని 50కి పెంచుతామని 2024 మేలో ప్రకటించింది కూడా. అడవి నుంచి చెత్త తగ్గి, చేతికి కూలి వచ్చే ఆ దారి సరైనదే. ప్రకటించిన ధర ఏటా వేళకు చేతికందితేనే అది నిలబడుతుంది.

అడవి మంట ఒక్కటే కాదు. హిమాచల్‌లోని మలానా గ్రామం దేవదారు దుంగల ఇళ్లతో 2008లో పెద్దఎత్తున కాలింది, 2021 అక్టోబర్‌లో మళ్లీ కాలింది. రోడ్డు లేని ఊరు, ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్లు, చలికాలానికి దాచిన గడ్డి. సులువుగా అంటుకునే ఇళ్ల ప్రమాదం ఒగిమాచిలోనూ ఉంది. ఆ నీటి గొట్టాలు వాళ్లకున్నాయి, మలానాకు లేవు.

చట్టంలోని ఖాళీ, మన కొండలు

భారత రాజ్యాంగం 12వ షెడ్యూల్ ఫైర్ సర్వీసును పట్టణ సంస్థల బాధ్యతల్లో రాసింది. పంచాయతీల కోసం రాసిన 11వ షెడ్యూల్‌లోని 29 అంశాల్లో దాని ఊసే లేదు. అడవిలో మంట అటవీశాఖది, ఇంట్లో మంట ఫైర్ స్టేషన్‌ది. అడవంచు పల్లె ఈ రెంటి మధ్యా పడిపోతోంది. మరోవైపు 1927 నాటి భారత అటవీ చట్టం 79వ సెక్షన్, అడవిలో హక్కులు అనుభవించేవారు మంట ఆర్పడానికి సాయపడి తీరాలంటుంది. అంటే ఊరివాడికి విధి ఉంది. ఆ విధిలో చేయి కాలితే ఏమిటన్నదానికి అక్కడ జవాబు లేదు. ఆపద మిత్ర పథకం ఈ లోటును కొంత పూడ్చగలిగేది. 350 జిల్లాల్లో లక్షమందికి పన్నెండు రోజుల శిక్షణ, సామగ్రి సంచి, బీమా ఇచ్చే మంచి పథకం అది. జిల్లాలను ఎంచింది మాత్రం వరద, తుపాను, భూకంపం, కొండచరియల ప్రమాదాన్ని బట్టి. కార్చిచ్చు ఆ లెక్కలోకి రాలేదు.

తూర్పు కనుమల్లో, నల్లమలలో, శేషాచలంలో ఈ ప్రశ్న మనదే. 2014 మార్చిలో శేషాచలం అడవి మంట తిరుమల కొండకు చేరువైతే హెలికాప్టర్లు వచ్చాయి. మన్యంలో ఇరవై గడపల గూడెం కాలితే హెలికాప్టర్ రాదు. నిండు గర్భిణిని డోలీలో మోసే దారిలో ఫైరింజన్ ఎలా ఎక్కుతుంది? తునికాకు కొత్త చిగుళ్ల కోసం, ఇప్పపువ్వు ఏరడానికి చెట్టుకింద ఆకులు తుడిచే బదులు నిప్పు పెట్టడం, పోడు నరికి కాల్చడం, ఆర్పకుండా పారేసిన బీడీ, ఇవన్నీ వేసవి మంటలకు మూలాలే. అలాగని గిరిజనుల్ని దోషులుగా నిలబెడితే అడవి దక్కదు. శీత్లాఖేత్‌లో పని చేసింది కేసు భయం కాదు, ఎప్పుడు కాల్చాలో ఊరే పెట్టుకున్న గడువు. ఆకులు ఊడ్చుకోవడానికి కూలి, ఇప్పపువ్వుకు చెట్టుకింద పరిచే వల అందితే నిప్పు అవసరమే తగ్గుతుంది.

మన దగ్గర పునాదులు లేకపోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1992 నుంచి వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. నల్లమలలో చెంచులు అటవీశాఖ బేస్ క్యాంపుల్లో కాపలా కాస్తున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు సామూహిక అటవీ వనరులను కాపాడుకునే అధికారమిచ్చింది. మన్యంలో ఎన్నో గూడేలకు పైనున్న ఊట నుంచి గ్రావిటీ పైపుల ద్వారా తాగునీరు దిగుతోంది. అదే గొట్టానికి ఊరి నడుమ ఒక పెద్ద వాల్వు, ముప్పై మీటర్ల గొట్టం చుట్ట, ఎగువన కొంచెం పెద్ద తొట్టి చేరిస్తే ఒగిమాచి ఏర్పాటుకు చిన్న రూపం మన గూడెంలో సిద్ధమవుతుంది.

ఈ సమీక్ష చివరికి అడిగేవి నాలుగే. ఒకటి, ప్రతి కొండ పంచాయతీలో నిప్పు కాపలా బృందాన్ని గ్రామసభ ఎన్నుకోవాలి, అందులో సగం మంది మహిళలుండాలి, వెనక్కి పిలిచే అధికారం ఒకరికి రాతపూర్వకంగా ఇవ్వాలి. రెండు, బృందంలోని ప్రతి మనిషికీ శిక్షణ, బూట్లు, మంట తగలని దుస్తులు, జీవిత బీమా, పనిచేసిన రోజుకు కూలి ప్రభుత్వం ఇవ్వాలి. మూడు, ఏటా ఫిబ్రవరిలోగా ఇళ్ల చుట్టూ శుభ్రం, అగ్గి గీతలు, నడవలేనివారి జాబితా, దారి మూసుకుపోతే చేరాల్సిన బయలు, ఇవన్నీ తేలిపోవాలి. ఆ జాబితా తయారీకి ఆశా కార్యకర్తనూ అంగన్‌వాడీ టీచర్నూ మించినవారు లేరు. నాలుగు, అడవి మీద హక్కుపత్రం ఆ ఊరి చేతిలో ఉండాలి.

ఊరివాళ్లు స్వచ్ఛందంగా చేస్తున్నారు గదా, ఖర్చెందుకు అనే మాట కార్యాలయాల్లో తేలిగ్గా వినిపిస్తుంది. ఆస్ట్రియా, జపాన్‌ల అనుభవం దానికి సూటి జవాబు. స్వచ్ఛంద దళాలు ఎక్కువకాలం నిలిచినచోట ప్రభుత్వం వాటిమీద ఎక్కువ ఖర్చు పెట్టింది. మనిషి ఇవ్వగలిగిన అతిపెద్దది కొండ ఊరివాళ్లు ఇప్పటికే ఇస్తున్నారు. మిగిలినవి డబ్బుతో కొనగలిగేవే. వాటిని వచ్చే వేసవిలోగా కొనిపెట్టడం ప్రభుత్వం దయ కాదు, బాకీ.